బత్తాయి కుండీ

ఆదివారం పొద్దున కాంపౌండరుకు దొంగతనం లాంటి పని ఒకటుండేది. అదీ ప్రతి ఆదివారం కాదు, పదిహేను రోజులకోసారి. కోడలు సంచీ పట్టుకుని బజారుకు బయల్దేరేదాకా పేపరు చదువుతున్నట్టు కూర్చునేవాడు. ఆమె గేటు గడియ పెట్టిన చప్పుడు వినగానే పేపరు మడిచి కొడుకు గదివైపు ఒకసారి చూసేవాడు. కొడుక్కి రాత్రి డ్యూటీ. పగలు ఇల్లు కూలినా లేచే మనిషి కాదు. అయినా చూసేవాడు. చూశాక తన తోలుసంచీ తెరిచి, టిఫిను డబ్బా కిందనుంచి నీలం గుళికల ఎరువు పొట్లం తీసి జేబులో పెట్టుకుని, పెరట్లో కుళాయి దగ్గర బకెట్టు నింపుకుని డాబా మెట్లు ఎక్కేవాడు.

ఇరవయ్యొక్క మెట్లు. పన్నెండో మెట్టు దగ్గర మోకాలు తన గొడవ తను మొదలుపెట్టేది.

డాబా మీద ఏడు కుండీలు. రెండు నిమ్మ, రెండు నారింజ, ఒక దబ్బ, ఒక కమలా, ఓ మూలగా అన్నిటికంటే పెద్ద కుండీలో బత్తాయి. ఆయన భార్య పెంచినవి. ఆవిడ పోయి నాలుగున్నర నెలలైంది. బత్తాయి ఆరేళ్ళపాటు ఆవిడ చేత అడ్డమైన చాకిరీ చేయించుకుని ఒక్క పువ్వు పూయలేదు. ఆవిడ పోయిన నెలకు కొమ్మకొమ్మకీ పూసింది. పూత చాలావరకు రాలి, పిందెలు కూడా రాలి, చివరికి పదకొండు కాయలు నిలిచాయి. ఒక్కొక్కటి పెద్ద గోళీకాయంత అయింది. ఆవిడ చూడని కాయలు కనక వాటిని పండేదాకా నిలబెట్టడం తప్ప కాంపౌండరుకు ఈ ఏడాది వేరే పని లేదు. డిస్పెన్సరీకి వెళ్ళిరావడం పని కింద లెక్క కాదు, అదొక అలవాటు.

ఆసుపత్రి మంచం మీద ఆవిడే చెప్పింది. "మిమ్మల్నొక్కరినే నమ్మి చెప్తున్నా. పదిహేను రోజులకోసారి ఎరువు. ఒక చెంచా, అయిదు లీటర్ల నీళ్ళలో. ముందు మామూలు నీళ్ళు పొయ్యండి, మట్టి బాగా తడిశాకే ఎరువు నీళ్ళు. మొదలుకి జానెడు ఎడంగా పొయ్యాలి. ఎవరికీ చెప్పకండి. చెప్తే తలో చెయ్యీ వేసి చంపేస్తారు."

డబ్బా మెట్లకింద ఉందని కూడా చెప్పింది. మెట్లకింద వెతికితే లేదు. జ్వరంలో మరిచిపోయి ఉంటుందనుకుని అదే రకం ఎరువు వేరే పొట్లం కొనుక్కొచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ ఆయనకు ఇంట్లో ఏ పనీ అప్పజెప్పలేదు. పంచదార డబ్బా ఏ అరలో ఉంటుందో కూడా ఆయనకు తెలియదు. అలాంటిది పోయేముందు ఇది అప్పజెప్పింది. మిమ్మల్నొక్కరినే అంది. ఆ మాట పట్టుకునే ఆయన ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాడు.

చెంచా అంటే ఎవరి చెంచా అని అడిగే మనిషి ఆయన. ముసలి డాక్టరు దగ్గర నలభై ఏళ్ళుగా మందులు కలిపిన చెయ్యి అది. ఎరువు కోసం డిస్పెన్సరీనుంచి ఒక పాత కొలత చెంచా తెచ్చుకున్నాడు. గుళికలు చెంచాలో పోసి, పైన కుప్పగా నిలిచిన వాటిని వేలితో చదును చేసి, అప్పుడు బకెట్టులో వేసేవాడు. నీళ్ళు లేత నీలంగా మారేదాకా పుల్లతో తిప్పి, కుండీకి ఒక మగ్గు చొప్పున పోసేవాడు.

ఆ ఆదివారం బత్తాయిని చూసి ఆయన బకెట్టు కింద పెట్టేశాడు. ఆకుల కొసలు మాడిపోయి, వేలు తగిలితే పొడిపొడిగా రాలుతున్నాయి. మిగతా ఆకు వెలవెలబోయి ఉంది. రెండు కాయలు మట్టిమీద పడి ఉన్నాయి. మట్టి మీదా, కుండీ అంచు చుట్టూ తెల్లగా పెచ్చు కట్టింది. గోటితో గీకితే సున్నంలా లేచొచ్చింది.

తల ఎత్తితే కుండీకి మూరెడు దూరంలో బట్టలారేసే తీగ. కోడలు రోజూ పొద్దున ఒక చేత్తో తడిబట్టల బకెట్టు, ఇంకో చేత్తో నీళ్ళ బకెట్టు పట్టుకుని ఎక్కుతుంది. ఆయన మనసు ఒక్క గెంతులో అక్కడికి పోయింది. పైకి మంచినీళ్ళు మోయడానికి ఒళ్ళొంగక, బట్టలు జాడించిన సబ్బునీళ్ళే తెచ్చి చెట్లకి పోస్తోంది. తెల్లటి పెచ్చు ఇంకెక్కణ్ణుంచి వస్తుంది?

పొద్దున కోడలు పోసిన తడి ఇంకా ఉంది కదా అని ముందు నీళ్ళు పోయడం ఆ పూటకి మానేశాడు. నీరసించిన రోగికి టానిక్కు పెంచినట్టు బత్తాయికి మాత్రం విడిగా రెండు చెంచాలు కలిపి పోశాడు. పొట్లం మళ్ళీ సంచీలో దాచి, రాలిన కాయలు చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు.

కోడలు రెండు చేతులా సంచులతో వచ్చింది. చెప్పులు విడుస్తుండగానే ఆయన చెయ్యి చాచి కాయలు చూపించాడు.

"ఇదేంటి?"

"అయ్యో, రాలాయా మామయ్యా?"

"రాలక? సబ్బునీళ్ళు పోస్తే రాలక నిలబడతాయా?"

"సబ్బునీళ్ళా? నేను పొయ్యను మామయ్యా. ఉతికిన నీళ్ళు తూములోనే పారబోస్తాను. చెట్లకి కుళాయి నీళ్ళే."

"మరి ఆ తెల్లటిదేంటి కుండీలో? ఆకాశంలోంచి ఊడిపడిందా?"

ఆమె ఏదో చెప్పబోయింది. పెదవులు కదిలాయి. వంటగది వైపు ఒకసారి చూసి, మళ్ళీ నోరు మూసుకుంది. ఆ చూపు, ఆ మూసిన నోరు చాలు ఆయనకి. దొంగ దొరికిపోయిందనుకున్నాడు.

"రేపట్నుంచి నువ్వు డాబా ఎక్కక్కర్లేదు. నీళ్ళు నేనే పోస్తా. బట్టలు కింద ఆరేసుకో."

"మామయ్యా, నేను..."

"అవి మీ అత్తయ్య ప్రాణాలు. నీకెట్లా తెలుస్తుంది! ఎంతైనా పరాయి పిల్లవి."

అనకూడని మాట అని నోరు దాటాక ఆయనకూ తెలిసింది. కానీ దాటిన మాటని వెనక్కి పిలవడం ఆయనకు చేతకాదు. కోడలు సంచులు లోపలికి తీసుకెళ్ళింది. కూరగాయలు బుట్టలోకి ఒక్కొక్కటే సర్దుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. ఆ సాయంత్రం కాంపౌండరు డాబా తలుపుకి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు.

సోమవారంనుంచి నీళ్ళు ఆయనే పోశాడు, కొలత ప్రకారం. ఏడు కుండీలకి ఏడు మగ్గులు, బత్తాయికి అదనంగా ఇంకో మగ్గు. ఒక్క బకెట్టుతో పని అయిపోయింది. ఈ మాత్రం దానికి ఆ అమ్మాయి నాలుగు బకెట్లు మోసేది, రోజూ ఏదో కొండలు పిండి చేస్తున్నట్టు మొహం పెట్టి, అనుకుంటూ దిగాడు.

తడిబట్టలు వరండాలో వేలాడాయి. గాలి ఆడని వరండా. మంగళవారం సాయంత్రం కొడుకు డ్యూటీకి బయల్దేరుతూ చొక్కా మెడ పట్టుకుని పిండి చూసుకున్నాడు.

"డాబాకి తాళమేంటి నాన్నా? టిక్కెట్టు పెట్టి జనాన్ని పంపిస్తున్నారా?"

"నీ పెళ్ళాన్ని అడుగు."

"అడిగాను. ఏమీ లేదంది. మీరూ ఏమీ లేదంటారు. మధ్యలో నా చొక్కా తడిగా ఉంది, అదొక్కటే నిజం." అంటూ ఆ తడిచొక్కాతోనే వెళ్ళిపోయాడు.

బుధవారం పొద్దున ఆయన డిస్పెన్సరీకి బయల్దేరుతుంటే కోడలు గుమ్మంలోకి వచ్చింది. ఆమె బట్టలు కుట్టే కంపెనీలో పని చేస్తుంది. చొక్కాలకి కాలర్లు కుట్టడం ఆమె వంతు. ఆ టైముకి ఎప్పుడూ జడ వేసుకోవడానికే తీరిక ఉండదు. ఇవాళ తయారై, భుజాన బ్యాగు తగిలించుకుని నిలబడింది.

"మామయ్యా, ఒక్క పది నిమిషాలు తాళంచెవి ఇస్తారా?"

"ఎందుకు?"

ఆమె గడప మీద కాలి బొటనవేలితో గీతలు గీసింది. "ఊరికే. ఒకసారి చూసి వచ్చేస్తాను."

"ఊరికే అయితే అక్కర్లేదు."

"పోనీ, నీళ్ళు కిందనుంచి కారేదాకా పోస్తున్నారా?"

"ఎంత పొయ్యాలో నాకు తెలుసులే. నువ్వు నేర్పక్కర్లేదు."

ఆమె భుజం మీది బ్యాగు సర్దుకుంది. తను బయల్దేరాల్సిన టైము దాటిపోతున్నా అలాగే నిలబడింది. వీధి మలుపులో వెనక్కి తిరిగి చూస్తే, తల ఎత్తి డాబా పిట్టగోడ వైపు చూస్తూ కనిపించింది. చేసిన తప్పుకి ఇప్పుడు చింతిస్తోంది కాబోలు అనుకున్నాడు కాంపౌండరు.

ఆ సాయంత్రానికి బత్తాయి ఆకులు లోపలికి ముడుచుకుపోయాయి. పదకొండు కాయల్లో అయిదు మిగిలాయి. రాలినవాటిని రుమాల్లో మూటకట్టాడు. పారేయడానికి చేతులు రాక, అల్మారాలో భార్య చీరల పక్కన పెట్టాడు.

గురువారం ఆయన కుండీమీది తెల్లటి పెచ్చు ఒక చిటికెడు గీకి, మాత్రల పొట్లం కట్టినట్టే కాగితంలో మడత పెట్టి డిస్పెన్సరీకి తీసుకెళ్ళాడు. సబ్బేనని డాక్టరు చేత అనిపించాలని. సబ్బని డాక్టరు చెబితే కొడుక్కి చెప్పొచ్చు, కోడలు ఇంక కాదనలేదు. డాక్టరు ఇంకా రాలేదు. బల్ల మీద ఖాళీ సీసాలు బోర్లించి ఉన్నాయి. ఆయన ఒకటి తీసి, సగం నీళ్ళు పోసి, ఆ పొడి వేసి, బిరడా పెట్టి ఊపాడు. నలభై ఏళ్ళుగా ఊపిన చెయ్యి కనక బాగానే ఊపాడు.

నురగ రాలేదు.

మళ్ళీ ఊపాడు. రెండు బుడగలు వచ్చి పోయాయి. పొడి మొత్తం కరిగిపోయి నీళ్ళు తేటగా నిలబడ్డాయి. సబ్బయితే ఈపాటికి సీసా మెడదాకా నురగ ఉండాలి. ఈ సంగతి చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆదివారం నాడే సీసాలో వేసి ఊపి ఉంటే తనకూ తెలిసేది. ఆయన బిరడా తీసి ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాడు. ఉప్పగా, చేదుగా ఉంది. ఆదివారాలు ఎరువు కలిపాక ఎప్పుడైనా పొరపాటున చెయ్యి నోటికి తగిలితే అదే రుచి.

రోగులు వచ్చారు. మాత్రలు పొట్లాలు కడుతూ రెండుసార్లు లెక్క తప్పాడు. "కాంపౌండరుగారూ, నాకు ఆరు చెప్పారు డాక్టరుగారు, మీరు ఎనిమిది పెట్టారు" అని ఒక ముసలామె పొట్లం విప్పి చూపించింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పదిహేను రోజులకి ఒక చెంచా వేస్తే ఇంత పెచ్చు కట్టదు. తన కొలతలో తప్పు లేదు. ఒక్క మొన్నటిదే ఎక్కువ, కానీ పెచ్చు అంతకుముందే ఉంది కదా. ఎటు తిప్పినా లెక్క కుదరలేదు.

ఇంటికి వెళ్ళే దారిలో మొక్కల దుకాణం ఉంది. దాన్ని నడిపే ముసలాయన్ని అందరూ కుండీల తాత అంటారు. చలికాలమంతా దగ్గు మందుకి డిస్పెన్సరీకి వచ్చే మనిషే. ఆయన మట్టి కలుపుతూ, కాంపౌండరు జేబులోంచి తీసిన నాలుగు ఆకులు అందుకుని వెలుతురుకి పట్టి చూశాడు.

"ఎరువెవరు వేస్తున్నారు?"

కాంపౌండరు అటూ ఇటూ చూశాడు. ఆ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. "నేనే. పదిహేను రోజులకోసారి. ఒక్క చెంచా, అయిదు లీటర్లకి. మొన్న ఆదివారం మాత్రం రెండు."

"అలా వేస్తే ఇలా మాడదండీ. ఇది చాన్నాళ్ళుగా రెండింతలు తింటున్న చెట్టు. నీళ్ళెవరు పోసేవాళ్ళు?"

"మా కోడలు. ఆదివారందాకా."

"కిందనుంచి కారేదాకా పోసేదా?"

"నాలుగు బకెట్లు మోసేది" అన్నాడు కాంపౌండరు మెల్లిగా.

"మరింకేం, ఆ అమ్మాయే బతికించింది ఇన్నాళ్ళూ. ఎక్కువైన ఎరువు ఉప్పంతా రోజూ కిందికి కడిగేసేది. నేలలో చెట్టయితే వేరు పక్కకి జరుపుకుని బతుకుతుంది. కుండీలో చెట్టు ఎక్కడికి పోతుందండీ? మనం పెట్టిందల్లా తిని తీరాలి. ఇప్పుడు నీళ్ళెవరు?"

"నేను. కొలత ప్రకారం."

కుండీల తాత ఆయన మొహంలోకి చూసి, ఆకులు తిరిగి చేతిలో పెట్టాడు. "ఇవాళే కడగండి. ఎరువు మాట ఎత్తకుండా బకెట్లకి బకెట్లు పొయ్యండి, కిందకి తేటనీళ్ళు వచ్చేదాకా. మిగతావి తేరుకుంటాయి. దీని సంగతి చెప్పలేను."

ఆ రెండింతలు ఎక్కణ్ణుంచి వచ్చాయో తేల్చుకునే తీరిక లేక, కాంపౌండరు ఇంటికి దాదాపు పరుగున వచ్చాడు. ఎండ ఇంకా ఉంది. కోడలు అప్పుడే పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. ఆయన మొలతాడునుంచి తాళంచెవి విప్పబోతే ముడి పడిపోయింది. వేళ్ళతో ఎంత లాగినా రాలేదు. ఆమె లోపల్నుంచి కత్తెర తెచ్చి ఇచ్చింది.

"సబ్బు కాదది" అన్నాడు దారం కత్తిరిస్తూ, ఆమె వైపు చూడకుండా.

"నేను చెప్పాను కదా మామయ్యా."

"చెప్పావు."

క్షమించమని అడగడం అందరికీ తేలికగానే ఉంటుందేమో, ఆయన ఎప్పుడూ అడిగి ఎరగడు. "నీళ్ళు చాలా పొయ్యాలట. చాలా అంటే చాలా" అన్నాడు.

కోడలు బకెట్లు తీసుకుంది. చీకటి పడేదాకా ఇద్దరూ ఎక్కుతూ దిగుతూనే ఉన్నారు. ఆయన ఒకటి మోసేలోపు ఆమె రెండు మోసింది. ఆమె నీళ్ళు పోసే తీరు ఆయన మొదటిసారి దగ్గరనుంచి చూశాడు. మగ్గుతో కాదు, ఎడమ అరచెయ్యి అడ్డం పెట్టి, మట్టి గుంట పడకుండా ఆ చేతిమీదుగా సన్నగా వదిలేది. ఒక బకెట్టు అయ్యాక కూర్చుని, తల వంచి, కుండీ కింది రంధ్రంలోంచి ఏం వస్తోందో చూసేది. మొదట టీ డికాక్షన్‌లా వచ్చింది. ఆరో బకెట్టుకి కాస్త పలచబడింది. తొమ్మిదో బకెట్టుకి తేట నీళ్ళు వచ్చాయి. ఆమె ఆ నీళ్ళని వేలితో తాకి, "వచ్చేశాయి మామయ్యా" అని నవ్వింది. ఆదివారం తర్వాత ఆ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు.

శుక్రవారం నిమ్మలూ నారింజలూ అలాగే నిలబడ్డాయి. బత్తాయి కింద మాత్రం ఆకులు పరిచినట్టు రాలాయి. కాయలు మూడే మిగిలాయి, అవీ ముడతలు పడ్డాయి. శనివారానికి కొమ్మలు బోసిపోయాయి. కోడలు పొద్దున్నా సాయంత్రమూ వెళ్ళి తడి చూసి వస్తోంది. తన పాత చీర ఒకటి కర్రలకి కట్టి ఎండ తగలకుండా నీడ చేసింది. అన్నం దగ్గర ఇద్దరూ దాని మాట ఎత్తలేదు. ఆవిడని ఇంక ఇంటికి తీసుకెళ్ళమని ఆసుపత్రి డాక్టరు అన్న రోజున కూడా ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు.

ఆదివారం ఆమె బజారుకి వెళ్ళలేదు. ఇద్దరూ కలిసి డాబా ఎక్కారు. కాంపౌండరు జేబుకత్తితో ఒక చిన్న కొమ్మ మీద బెరడు గీకాడు. లోపల పచ్చగా ఉండాల్సింది గోధుమరంగులో ఉంది. కొంచెం కిందికి గీకాడు. అక్కడా అంతే. మొదలు దగ్గర, మట్టికి బెత్తెడు పైన గీకాడు. చాలాసేపు చూశాడు. కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఒకసారి వేరు చూద్దాం మామయ్యా. మనకేం తెలుసు, కింద బతికుందేమో."

ఇద్దరూ కుండీని మెల్లగా పక్కకి వాల్చారు. కోడలు అంచు చుట్టూ గరిటె కాడ పోనిచ్చి మట్టి వదులు చేసింది. చెట్టుని మొదలు దగ్గర పట్టుకుని లాగితే బరువు లేకుండా వచ్చేసింది. ఆమె ఒక వేరుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుంది. పైతొక్క తొడుగులా జారి చేతికి వచ్చింది, లోపల నల్లటి నార మిగిలింది. ఇంకో వేరు పట్టుకుంది. అదీ అలాగే వచ్చింది.

ఆమె అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చింది. చెట్టు కోసం ఎవరైనా అంతగా ఏడుస్తారని ఆయన అనుకోలేదు. ఏం చెయ్యాలో తోచక పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"నేనే చంపాను మామయ్యా."

"నువ్వెందుకు చంపుతావమ్మా! సబ్బు కాదని తేలింది కదా."

"సబ్బు కాదు. ఎరువు. బుధవారాలు మీరు వెళ్ళాక వేసేదాన్ని. పదిహేను రోజులకోసారే వేశాను. చెప్పినట్టే వేశాను. ముందు నీళ్ళు పోసి, జానెడు ఎడంగా. అయినా చచ్చిపోయింది. ఇంతకంటే ఎలా వెయ్యాలో నాకు తెలీదు."

కాంపౌండరు ఆమె వైపు పూర్తిగా తిరిగాడు.

"ఎవరు చెప్పారు నీకు?"

"అత్తయ్య. ఆసుపత్రిలో. శుక్రవారం మీరు డాక్టరుతో మాట్లాడ్డానికి కిందికెళ్ళారు చూడండి, అప్పుడు. దగ్గరికి రమ్మని నా చెయ్యి పట్టుకున్నారు. నేనీ ఇంటికొచ్చిన నాలుగేళ్ళలో అత్తయ్య నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. నిన్నొక్కదాన్నే నమ్మి చెప్తున్నానమ్మాయ్ అన్నారు. ఎవరికీ చెప్పకు, చెప్తే తలో చెయ్యీ వేసి చంపేస్తారు అన్నారు. మాట తీసుకున్నారు. అందుకే మొన్న మీరు అడిగితే చెప్పలేకపోయాను. డబ్బా కూడా మెట్లకిందనుంచి తీసి వంటగదిలో పై అరలో దాచాను."

శుక్రవారం. ఆయనకు చెప్పింది గురువారం మధ్యాహ్నం. చెప్పి, ఏదీ, పాఠంలా అప్పజెప్పండి అంది. ఆయన అప్పజెప్పాడు. ఇంకోసారి అంది. మళ్ళీ అప్పజెప్పాడు. మూడోసారి తడబడి, ఎరువు ముందు, నీళ్ళు తర్వాత అన్నాడు. ఆవిడ ఆయన మొహంలోకి కాసేపు చూసి, సరే లెండి అని నవ్వి కళ్ళు మూసుకుంది. ఆ నవ్వు తనమీద ప్రేమ అనుకున్నాడు. ప్రేమే అయి ఉంటుంది. కానీ ఆ కళ్ళు మూసుకుని ఆవిడ వేరే మనిషిని వెతుక్కుంది. మర్నాటికల్లా వెతుక్కుంది. ఈయన వల్ల కాదని ముప్పై ఎనిమిదేళ్ళకి ఆఖరి లెక్క తేల్చుకుంది. అది తప్పు లెక్క కూడా కాదు. వారం కిందట ముందు నీళ్ళు పోయకుండా ఎరువు పోసింది తనే.

ఆయన చేతికంటిన మట్టి దులుపుకున్నాడు.

కోడలు చీర చెంగుతో మొహం తుడుచుకుని ఆయన వైపు తిరిగింది. చెంప మీద మట్టి అంటుకుంది. "మీకూ ఏమైనా చెప్పారా మామయ్యా అత్తయ్య? చెట్ల గురించి?"

నాకూ అదే చెప్పింది, అదే మాటలు, నీకంటే ఒక రోజు ముందు. అంతా నోటిదాకా వచ్చింది. అంటే తన పరువు నిలబడుతుంది. ఆవిడ తనని కూడా నమ్మిందని ఈ లోకంలో ఒక్క మనిషికైనా తెలుస్తుంది. ఆయన కోడలి చేతివైపు చూశాడు. ఆవిడ పట్టుకున్నది ఏ చెయ్యో. మట్టి, వేళ్ళ చివర సూది పోట్లు, చచ్చిన వేరు తొక్క. ఆ ఇంట్లో ఆ పిల్లకి ఎవరైనా తమంతట తాము ఇచ్చింది ఆ ఒక్క మాటే. దానిమీద తనేమన్నాడు? పరాయి పిల్లవి అన్నాడు.

"నాకా?" అన్నాడు. "నాకేం చెప్పలేదమ్మా. నీకే చెప్పింది."

"మరి ఎలా చచ్చిపోయింది?"

"నా వల్ల. ఎవరూ చెప్పకుండానే నేను వేలు పెట్టాను. నువ్వు లేనప్పుడు ఆదివారాలు నాకు తోచింది కలిపి పోశాను. నువ్వు వేసింది సరిగ్గానే ఉంది. నాది దాని మీద పడి రెండింతలయింది. మొన్న ఆ పైన ఇంకో రెండు చెంచాలు పోశా. నిన్ను నీళ్ళు కూడా పోయనివ్వకుండా డాబాకి తాళం వేశా. తలో చెయ్యీ వేసి చంపేస్తారు అందన్నావు చూడు మీ అత్తయ్య. ఆ రెండో చెయ్యి నాది."

ఆమె కళ్ళు పెద్దవి చేసి చూసింది. కోపం వస్తుందేమో అనుకున్నాడు. వస్తే బాగుండునని కూడా అనుకున్నాడు.

"మీకు చెప్పలేదని బాధగా లేదా మామయ్యా?"

"బాధెందుకమ్మా! ఆవిడకి మనుషులు తెలుసు."

"మరి ఇంక మీరు వెయ్యకూడదు" అంది కోడలు. ఏడ్చిన గొంతే, అయినా అందులో ఇదివరకు ఎన్నడూ లేని పెత్తనం కొద్దిగా వినిపించింది. "మిగతా ఆరూ నేను చూసుకుంటాను. రెండు నెలలదాకా ఎరువు వద్దు, నీళ్ళే. అత్తయ్య నాకప్పగించారు కదా."

"వెయ్యను. నీకే అప్పగించింది. నువ్వే చూసుకో."

ఆమె లేచి చీర దులుపుకుని, నారింజ కుండీ దగ్గర కూర్చుని మట్టిలో వేలు గుచ్చి చూసింది. "దీనికి నీళ్ళు కావాలి మామయ్యా, ఒక బకెట్టు తెస్తారా?"

తెస్తానని ఖాళీ బకెట్టు పట్టుకుని ఆయన మెట్లు దిగాడు. సగం మెట్ల దగ్గర, పైకి కనిపించని చోట, బకెట్టు దించి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ ఆవిడ పోయిందని అందరూ చెప్తే ఊ కొట్టాడు. ఇంట్లో తనతో ఇంకా ఏదో రహస్యంగా మాట్లాడుతున్నట్టే ఉండేది. ఇవాళ పోయింది. రెండు చేతులతో నోరు మూసుకుని, చప్పుడు రాకుండా ఏడ్చాడు.

"మామయ్యా, తెస్తున్నారా?" పైనుంచి కోడలు కేక వేసింది.

"వస్తున్నానమ్మా, నిండుతోంది" అని ఖాళీ బకెట్టు పట్టుకుని ఆయన లేచాడు.